గోటితో పోయేది గొడ్డలి దాకా: పాత హెవీ డ్యూటీ పికప్ కొనేముందు

టెక్సస్‌లో ఐదెకరాలో పదెకరాలో పొలం కొన్నవాళ్లు, కేటరింగ్ ట్రెయిలర్ నడిపేవాళ్లు, ఆర్‌వీ (లోపల ఇల్లులా ఉండే ట్రెయిలర్) తగిలించుకుని ఊళ్లు తిరుగుదామనుకునేవాళ్లు, మన తెలుగువాళ్లలో కూడా చాలామందే ఉన్నారిప్పుడు. వీళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న, సెకండ్ హ్యాండ్‌లో ఏ ట్రక్కు తీసుకోవాలని. ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350. షెవీ సిల్వరాడో 2500, 3500, వాటి కవల జీఎంసీ సియెరా, రెండూ జీఎం కంపెనీవే. రామ్ 2500, 3500. మార్కెట్లో ఉన్నవి ఇవే. కొత్త డీజిల్ బండి 70, 80 వేల డాలర్లు దాటిపోతోంది. పదేళ్ల బండి, లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగింది, అందులో సగానికంటే తక్కువకే వస్తుంది. "డీజిల్ కదండీ, ఐదు లక్షల మైళ్లు నడుస్తుంది" అంటాడు అమ్మేవాడు. ఇంజన్ బ్లాకు వరకూ చూసుకుంటే ఆ మాట చాలా ఇంజన్లకి నిజమే. బ్లాకు చుట్టూ బిగించిన పంపులు, కూలర్లు, సెన్సర్లు, టర్బో మాత్రం అన్నాళ్లు రావు.

ఈ బండ్లలో గుండె గుభేల్మనిపించే బిల్లులు పెద్ద భాగాలు అరిగిపోవడం వల్ల వచ్చేవి తక్కువ. ఒక చిన్న భాగం ముందు పాడవుతుంది, దాన్నుంచి రాలిన రజనో, అది ఆపలేకపోయిన వేడో పక్కనున్న ఖరీదైన భాగాన్ని తినేస్తుంది. వందల్లో తేలిపోయేది పదివేలవుతుంది. ఏ ఇంజన్‌లో ఆ చిన్న భాగం ఏదో మెకానిక్కులందరికీ తెలుసు. అందుకే మైళ్లకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందని నా గట్టి అభిప్రాయం: ఈ ఇంజన్‌కి పేరుపడ్డ ఆ జబ్బు సంగతి ఎవరైనా చూశారా, చూస్తే బిల్లుందా?

కింద రాసిన ధరలు సొంతంగా నడిచే డీజిల్ షాపుల్లో ఉజ్జాయింపుగా అయ్యేవి. డీలర్ దగ్గర ఇంకా పైమాటే.

సీపీ4 పంపు

ముందుగా దీని గురించే చెప్పాలి, ఎందుకంటే మార్కెట్లో ఎక్కువగా దొరికే వయసు బండ్లలో ఉన్నది ఇదే. బాష్ కంపెనీ హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు ఇది. ఫోర్డ్ 6.7 పవర్‌స్ట్రోక్‌లో 2011 నుంచీ, జీఎం డ్యూరామాక్స్ ఎల్ఎంఎల్‌లో 2011 నుంచి 2016 దాకా, రామ్ 6.7 కమిన్స్‌లో 2019, 2020 మోడళ్లలో వచ్చింది. (పవర్‌స్ట్రోక్, డ్యూరామాక్స్, కమిన్స్ ఆయా బండ్ల డీజిల్ ఇంజన్ల పేర్లు. 6.7 లాంటి అంకె లీటర్లలో ఇంజన్ సైజు, ఎల్ఎంఎల్ లాంటి అక్షరాలు డ్యూరామాక్స్‌లో ఒక్కో తరం పేరు.) పంపు లోపల కామ్ అనే తిరిగే కడ్డీ మీద ఒక రోలర్ దొర్లుతూ, డీజిల్‌ని ఒత్తే ప్లంజర్‌ని పైకి నెడుతుంది. ఆ రోలర్ కూర్చునే టాపెట్ తన చోట పక్కకి తిరగకుండా ఉండాలి. డీజిల్‌లో గాలి చేరినా, నీళ్లు చేరినా, జిడ్డుతనం చాలకపోయినా అది తిరిగిపోతుంది. అడ్డం తిరిగిన రోలర్ ఇక దొర్లదు, కామ్‌ని గీరుతుంది. పంపు లోపలి భాగాలకి వేరే ఆయిలు ఉండదు, వెళ్లే డీజిలే వాటిని తడుపుతుంది. కాబట్టి గీరిన ఇనప రజనంతా డీజిల్‌తో కలిసి ఫ్యూయల్ రైళ్లలోకి (ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టాలు), సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటిలోకి, రిటర్న్ లైన్ గుండా ట్యాంకులోకి చేరుతుంది.

డీజిల్ సంగతి కూడా ఇక్కడ కొంత ఉంది. అమెరికా ప్రమాణం డీ975 ప్రకారం, అరుగుదల పరీక్షలో 520 మైక్రాన్ల మచ్చ పడినా ఆ డీజిల్ పాసైనట్టే. యూరప్ ప్రమాణం ఈఎన్590లో హద్దు 460. మచ్చ ఎంత పెద్దదైతే డీజిల్‌లో జిడ్డు అంత తక్కువ. ఇక్కడి డీజిల్ అంత పొడిగా ఉండొచ్చన్నమాట. ఎల్ఎంఎల్ డ్యూరామాక్స్‌కి ఇంకో లోపం ఉంది: కంపెనీ నుంచి లిఫ్ట్ పంపే రాలేదు. ట్యాంకు నుంచి డీజిల్‌ని సీపీ4 తనే పీల్చుకోవాలి. ఎక్కడైనా సన్నని గాలి లీకుంటే అది నేరుగా పంపులోకే పోతుంది. ఫోర్డ్‌కి ఫ్రేము మీద లిఫ్ట్ పంపు ఉంది కాబట్టి కొంత నయం, అలాగని పూర్తి భద్రత కాదు.

పంపు ఒక్కటీ మార్చేస్తే పోదా అని అడుగుతారు. పోదు. రజను చేరిన ఇంజెక్టర్లని అలాగే ఉంచి కొత్త పంపు వేస్తే కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. పంపు, ఇంజెక్టర్లన్నీ, ఫ్యూయల్ రైళ్లు, హై ప్రెషర్ పైపులు, ఫిల్టర్లు మార్చి, ట్యాంకు దించి కడగాలి. 8 నుంచి 12 వేల డాలర్లు. దీని ముందు జాగ్రత్త మాత్రం చవక. ఫోర్డ్‌కి బైపాస్ కిట్లు దొరుకుతాయి. పంపు పగిలినా రజను ఇంజెక్టర్ల వైపు పోకుండా, ఫిల్టర్ గుండా ట్యాంకు వైపు మళ్లేలా చేస్తాయవి. 300, 400 డాలర్ల కిట్టు, దానికి బిగింపు కూలి. పంపు చావుని అది ఆపదు, పంపుతో పాటు మిగతావి చావకుండా ఆపుతుంది. ఎల్ఎంఎల్‌కి అయితే పాత, గట్టి సీపీ3 పంపుకి మార్చేయడం మేలు. లిఫ్ట్ పంపుతో కలిపి మూడు నాలుగు వేలవుతుంది. రామ్‌కి 2021లో రీకాల్ వచ్చింది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) కొడితే ఆ రీకాల్ పని అయిందో లేదో చూపిస్తుంది.

కొనేముందు చూడాల్సిన పద్ధతి ఇది. ఫోర్డ్ 6.7లో డ్రైవరు వైపు ఫ్రేముకి ఉన్న ఫిల్టర్ డబ్బా కింద నీళ్లు వదిలే వాల్వు ఉంటుంది. శుభ్రమైన గాజు సీసా పట్టి ఒక కప్పు వదిలి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరే పొరలా దిగుతాయి. తుప్పు రంగు మడ్డి కనబడితే ఆ బండి ఎన్నో నెలలు నీళ్లతో నడిచిందని అర్థం. రెండో పరీక్ష షాపులో చేయించాలి: సీపీ4 మీద ఉన్న మీటరింగ్ వాల్వు విప్పి, దాని మూతి దగ్గర తెల్లగుడ్డతో తుడవమనండి. గుడ్డ మీద వెండి రంగు తళుకు కనబడితే, బండి ఎంత మెత్తగా నడుస్తున్నా సరే, అక్కడితో బేరం ఆపేయండి. ఉన్న బండిలో స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తున్నా, ఫ్యూయల్ ప్రెషర్ చాలడం లేదని చెప్పే పీ0087 అనే కోడు వస్తున్నా వెంటనే ఆపి చూపించండి. ఇంటిదాకా నడిపితే రజను ఇంకా లోపలికి పోతుంది.

ఫోర్డ్ 6.0, 6.4

2003 నుంచి 2007 దాకా వచ్చిన 6.0 పవర్‌స్ట్రోక్ బండ్లు అంత చవకగా ఎందుకు దొరుకుతాయో తెలిస్తే ఈ వ్యాసంలో చెప్పేదంతా తెలిసినట్టే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోతుందని దీనికి చెడ్డపేరు. కానీ గ్యాస్కెట్ పోవడం ఆ కథలో చివరి ఘట్టం. మొదలయ్యేది ఆయిల్ కూలర్ దగ్గర. దాని లోపల కూలెంట్ పోయే దారులు సన్నగా ఉంటాయి. ఇంజన్ పోతలో మిగిలిన ఇసుక, వేడికి విడిపోయిన కూలెంట్ గడ్డలు వాటిని మూసేస్తాయి. ఆ కూలర్ దాటాకే కూలెంట్ ఈజీఆర్ కూలర్‌కి (తిరిగి ఇంజన్‌లోకి పంపే పొగని చల్లార్చేది) వెళ్లాలి. అక్కడికి చేరేది తగ్గిపోతే, మండే ఎగ్జాస్టు వేడికి అందులో మిగిలింది ఆవిరైపోయి ఈజీఆర్ కూలర్ చిట్లుతుంది. కూలెంట్ సిలిండర్లలోకి దిగుతుంది, లోపలి ఒత్తిడి పెరుగుతుంది, ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే ఉన్న హెడ్ బోల్టులు సాగుతాయి. అప్పుడు పోతుంది గ్యాస్కెట్. చాలామంది గ్యాస్కెట్ మార్పించి ఆయిల్ కూలర్‌ని అలాగే వదిలేస్తారు, ఏడాది తిరక్కుండా మళ్లీ షాపుకి వస్తారు.

ఇది ముందే పట్టుకోవచ్చు. ఫోర్‌స్కాన్ లాంటి యాప్, బండి కంప్యూటర్‌కి ఫోన్‌ని కలిపే ఒక ఓబీడీ అడాప్టర్ ఉంటే చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక హైవే మీద గంటకి 65 మైళ్ల దగ్గర నిలకడగా నడుపుతూ రెండు అంకెలు చూడండి: ఇంజన్ ఆయిల్ వేడి, కూలెంట్ వేడి. తేడా 15 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుండాలి. దాటితే ఆయిల్ కూలర్ మూసుకుపోతోందన్నమాట. అదే యాప్‌లో ఎఫ్‌ఐసీఎం వోల్టేజీ చూడండి. ఇంజెక్టర్లకి కరెంటు పంపే ఆ పెట్టె 48 వోల్టులు ఇవ్వాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు 45 కంటే దిగితే దాని పని అయిపోవచ్చింది. ఇక్కడా అదే సూత్రం: రెండు పాత బ్యాటరీలు నీరసపడితే వాటి భారం ఎఫ్‌ఐసీఎం మీద పడుతుంది, అది నీరసపడితే ఇంజెక్టర్లు పోతాయి. 400, 500 డాలర్లకి వచ్చే బ్యాటరీల జతని వాయిదా వేస్తే ఇంజెక్టర్ల సెట్టుకి మూడు వేలు దాటి కట్టాల్సి వస్తుంది.

కొత్త ఆయిల్ కూలర్, గట్టి ఈజీఆర్ కూలర్, బోల్టుల స్థానంలో స్టడ్లు, హెడ్లు చదును చేయించడం, అన్నీ కలిపి 6 నుంచి 10 వేలు. చాలా షాపులు ఈ పనికి క్యాబిను మొత్తం ఎత్తేస్తాయి. ఈ పనంతా మంచి షాపులో అయి, బిల్లులు చేతికిచ్చే 6.0 దొరికితే నేను కొనొద్దనను. అది నిజంగా మంచి బండి. బిల్లుల్లేని 6.0 ఎంత చవకైనా వద్దు.

2008 నుంచి 2010 దాకా వచ్చిన 6.4 గురించి ఎక్కువ చెప్పను. పొగలో మసిని పట్టే ఫిల్టరు డీపీఎఫ్. దాన్ని శుభ్రం చేసుకోవడానికి సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ కొడుతుంది, అందులో కొంత గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పిస్టన్లు చీలతాయి, రేడియేటర్లు కారతాయి. కొనకండి.

6.7లో సీపీ4 కాక ఇంకోటి: 2011, 2012 మోడళ్ల టర్బో బేరింగులు బలహీనం, మూడు నాలుగు వేల పని. మార్చిన బిల్లుంటే సరే. 2015 నుంచి పెద్ద టర్బో వచ్చింది. ఆ తర్వాతి 6.7ని, సీపీ4 జాగ్రత్త తీసుకుని, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇంకా పాతకాలం 7.3 పవర్‌స్ట్రోక్, 2003 దాకా వచ్చింది, నెమ్మదైన మొండి ఇంజన్. దారిలో ఉన్నట్టుండి ఆగిపోతే చాలాసార్లు కారణం కామ్ పొజిషన్ సెన్సర్. అరచేతిలో పట్టే భాగం. 7.3 ఉన్నవాళ్లు ఇంకోటి, దాన్ని విప్పే 10 ఎంఎం పానా గ్లవ్ బాక్సులో పెట్టుకుంటారు. మీరూ పెట్టుకోండి.

కమిన్స్, డ్యూరామాక్స్

కమిన్స్ ఇన్‌లైన్ సిక్స్ (ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే ఇంజన్) మీద ఉన్న నమ్మకం ఊరికే రాలేదు. దానికీ గోటితో పోయేవి ఉన్నాయి. 5.9 లీటర్ 12 వాల్వు ఇంజన్లలో టైమింగ్ కేసు లోపల ఒక డోవెల్ పిన్ ఏళ్ల తరబడి అదురుకి కొద్దికొద్దిగా బయటికొచ్చి, గేర్ల మధ్యలో పడిపోతుంది. గేర్లు విరిగినా కేసు పగిలినా ఇంజన్ విప్పదీయాల్సిందే. చిన్న రేకు ముక్క అడ్డం బిగిస్తే ఆ పిన్ ఇక కదలదు. రేకు ధర తక్కువే, ముందు భాగం విప్పే కూలి కొన్ని వందలు. 1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన 24 వాల్వు ఇంజన్లో వీపీ44 అనే ఇంజెక్షన్ పంపు ఉంటుంది. దాన్ని చల్లబరిచేదీ తడిపేదీ డీజిలే, ఆ డీజిల్‌ని అందించేది ఒక మామూలు లిఫ్ట్ పంపు. లిఫ్ట్ పంపు సన్నగిల్లినా బండి నడుస్తూనే ఉంటుంది, ఈలోగా వీపీ44 ఎండి చస్తుంది. రెండు వేల డాలర్ల దాకా. 50 డాలర్లకొచ్చే ప్రెషర్ గేజి పెట్టుకుని, గట్టిగా తొక్కినప్పుడు కూడా 10 పీఎస్ఐ కంటే దిగకుండా చూసుకుంటే ఈ ఖర్చు రాదు.

2007 మధ్యలో మొదలైన 6.7 కమిన్స్ కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది గ్రిడ్ హీటర్ బోల్టు. చలిలో ఇంజన్‌లోకి పోయే గాలిని వేడిచేసే జాలీ అది, ఇంటేక్ మీదే కూర్చుంటుంది. దానికి కరెంటు తెచ్చే బోల్టు కాలి కాలి పెళుసెక్కి, ఒకరోజు నట్టుతో సహా విరిగి ఇంటేక్‌లో పడుతుంది. అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి. పిస్టన్, వాల్వు, హెడ్ అన్నీ పోయి కొత్త ఇంజన్ దాకా వెళ్తే 15 వేలు దాటుతుంది. ఆ బోల్టు ఇంజన్ వైపు ఉండని రకం కిట్లు కొన్ని వందలకే దొరుకుతున్నాయి. 2025 మోడల్‌కి రామ్ గ్రిడ్ హీటర్‌నే తీసేసి గ్లో ప్లగ్గులు పెట్టింది. పాత 6.7 కొంటే మొదటి నెలలోనే ఈ పని చేయించుకోండి. దీంతో పాటు వేరియబుల్ టర్బో మసి పట్టి బిగుసుకుపోతుంది, ముఖ్యంగా ఊళ్లోనే తిరిగిన బండికి. పవర్ అంతా అయిపోయిందనిపిస్తుంది, ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టదు. దాన్ని కదిపే యాక్చుయేటర్ ఒక్కటే అయితే పదిహేను వందలు, టర్బో మొత్తమైతే మూడు నుంచి నాలుగున్నర వేలు.

రామ్ అసలు బలహీనత ఇంజన్ కాదు, దాని వెనకున్న 68ఆర్ఎఫ్ఈ ఆటోమేటిక్ గేరుబాక్సు. బరువు లాగిన బండిలో, పవర్ పెంచడానికి ఇంజన్ ట్యూన్ చేసిన బండిలో ఓవర్‌డ్రైవ్ క్లచ్చులు, టార్క్ కన్వర్టర్ ముందు పోతాయి. మళ్లీ కట్టించడానికి 5 నుంచి 8 వేలు. 3500లో హై అవుట్‌పుట్ ఇంజన్‌తో వచ్చే ఐసిన్ గేరుబాక్సు దీనికంటే చాలా గట్టిది. ఫోర్డ్ 6ఆర్140, జీఎం అలిసన్ 1000 రెండూ నమ్మదగ్గవి, ఆయిలూ ఫిల్టరూ వేళకి మారిస్తే.

డ్యూరామాక్స్‌లో 2001 నుంచి 2004 దాకా ఎల్‌బీ7 ఇంజెక్టర్లు వాల్వ్ కవర్ల కింద దాగి ఉంటాయి. కారితే డీజిల్ నేరుగా ఆయిల్‌లోకి పోతుంది. ఎనిమిదీ మార్చడానికి మూడు నుంచి నాలుగున్నర వేలు, అందులో పెద్ద వంతు విప్పే కూలి. 2006, 2007ల ఎల్‌బీజెడ్ మంచి ఇంజన్, ఆ సంగతి అమ్మేవాళ్లకీ తెలుసు. 2017 నుంచి వచ్చిన ఎల్5పీలో సీపీ4 పోయి డెన్సో పంపు వచ్చింది. డబ్బు సరిపోతే వాడిన డీజిల్ బండ్లలో నా ఓటు దానికే.

పొగ సామాను

2011 నుంచి ఫోర్డ్, జీఎం బండ్లకి, 2013 నుంచి రామ్‌కి డెఫ్ ద్రవం (పొగని శుభ్రపరిచే యూరియా నీళ్లు) పోయాలి. డెఫ్ ట్యాంకులోని హీటరు, పంపు పోతే వెయ్యి నుంచి రెండు వేలు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే నాక్స్ సెన్సర్లు ఒక్కోటి బిగింపుతో 400 నుంచి 800. డీపీఎఫ్ విప్పి కడిగించడానికి 400 నుంచి 700, మార్చాలంటే మూడు నాలుగు వేలు. డెఫ్ లోపాన్ని పట్టించుకోకపోతే ఇన్ని మైళ్ల తర్వాత వేగం తగ్గిస్తానని డాష్‌బోర్డు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది.

ఇక్కడ మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. డీపీఎఫ్‌లో చేరిన మసిని ఇంజన్ తనే కాల్చుకోవాలంటే హైవే వేగంలో ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా నడవాలి. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇంటి నుంచి బడికి, బడి నుంచి దుకాణానికి మూడు మైళ్లు, నాలుగు మైళ్లు తిప్పే డీజిల్ ట్రక్కుకి ఆ అవకాశం రాదు. కాల్చడం మొదలవుతుంది, బండి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. మసి ఈజీఆర్ కూలర్‌లోనూ టర్బోలోనూ పేరుకుంటుంది. బరువులు లాగి అరిగిన బండ్లకంటే ఇలా ఊళ్లో తిరిగిన బండ్లకే పొగ సామాను ఖర్చు ముందొస్తుంది.

దీన్ని తప్పించుకోవడానికి చాలామంది డీపీఎఫ్, ఈజీఆర్ పీకేసి 'డిలీట్' చేస్తారు. టెక్సస్‌లో డీజిల్ బండ్లకి పొగ పరీక్ష లేదు కాబట్టి అలాంటివి బాహాటంగా అమ్ముతారు. అది సమాఖ్య క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం. డీలర్లు సాధారణంగా ముట్టరు. రేపు ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళ్తే అక్కడ డీజిల్‌కీ స్మాగ్ పరీక్ష ఉంది, పాస్ కాదు. పీకినవన్నీ తిరిగి పెట్టించాలంటే 8 వేలు, 10 వేలు అవుతాయి. పైగా డిలీట్ చేసినవాళ్లు సాధారణంగా ట్యూన్ కూడా పెంచి ఉంటారు, దాని దెబ్బ గేరుబాక్సు తింటుంది. అటువంటి బండి ఎంత తక్కువకొచ్చినా తీసుకోవద్దు. కింద వంగి చూస్తే తెలిసిపోతుంది: పైపు మధ్యలో లావుపాటి డబ్బాలు, వాటికి గుచ్చిన సెన్సర్ల వైర్లు ఉండాలి. టర్బో నుంచి వెనకదాకా ఒకే సన్నని పైపుంటే సామాను పీకేశారు.

ముందు చక్రాలు

2005 నుంచి వచ్చిన ఫోర్డ్ 4x4లు, అన్ని రామ్ 2500, 3500 4x4లు ముందు చక్రాలు రెండిటినీ కలిపే ఒకే గట్టి యాక్సిల్‌తో వస్తాయి. 50, 60 మైళ్ల వేగంలో ఒక గతుకు తగిలితే స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా ఊగిపోయే 'డెత్ వాబుల్' వీటికే. అమ్మేవాళ్లు కొత్త స్టీరింగ్ డాంపర్ వేసి దాన్ని కప్పిపెడతారు. 80 డాలర్ల డాంపర్ అది. ముందు చక్రాల కింద ఒక్క డాంపర్ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి. అసలు కారణాలు ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) బుష్షులు, బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు.

పరీక్షకి ఇద్దరుంటే చాలు. సమనేల మీద, బండి బరువు చక్రాల మీదే ఉండగా, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు పార్క్‌లో పెట్టి ఇంజన్ ఆన్ చేయండి. ఒకరు స్టీరింగ్‌ని అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు ఆపకుండా తిప్పాలి. రెండోవారు ముందు చక్రాల దారిలో లేకుండా పక్కనుంచి వంగి ట్రాక్ బార్ రెండు కొసలు చూడాలి. బార్ కొస తన బ్రాకెట్‌లో జరుగుతుంటే, బోల్టు కదలకుండా బుష్షు మాత్రమే కదులుతుంటే, అదే దోషి. తర్వాత యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపి, కింద గడ్డపార దూర్చి పైకెత్తండి. పైకీ కిందకీ ఆడితే బాల్ జాయింట్లు. పైనా కిందా చేతులతో పట్టుకుని ఊపితే గరగరమంటూ కదిలితే హబ్ బేరింగు. నాలుగు బాల్ జాయింట్లకి వెయ్యి నుంచి పదిహేను వందలు, హబ్ ఒక్కో పక్కకి 400 నుంచి 600, ట్రాక్ బార్ 300 నుంచి 500. బరువులు మోసే ఈ-రేటింగ్ టైర్లు నాలుగూ 1,200 నుంచి 1,600. వెనక జంట చక్రాల డ్యూయలీకి ఆరు కొనాలి. టైరు మీద నాలుగంకెల తయారీ తేదీ చూడండి, చివరి రెండూ సంవత్సరం. గాడులు బాగున్నా ఏడేళ్లు దాటిన టైరుతో టెక్సస్ ఎండలో ట్రెయిలర్ లాగకూడదు.

పెట్రోల్ ఇంజన్‌ని ఎందుకు చూడరు?

ఏడాదికి పది పన్నెండు సార్లు పదివేల పౌన్ల లోపు ట్రెయిలర్ లాగేవాళ్లకి డీజిల్ అక్కర్లేదు. లెక్క చూడండి. ఏడాదికి 10,000 మైళ్లు. పెట్రోల్ బండి గ్యాలన్‌కి 12 మైళ్లిస్తే 833 గ్యాలన్లు, గ్యాలన్ 3 డాలర్లయితే 2,500. డీజిల్ 16 ఇస్తే 625 గ్యాలన్లు, గ్యాలన్ 3.60 అయితే 2,250. మిగిలింది 250 డాలర్లు. 13 క్వార్టుల ఆయిలు, రెండు ఫ్యూయల్ ఫిల్టర్లు, డెఫ్ కలిపితే ఆ 250 అక్కడే ఖర్చయిపోతుంది. కొనేటప్పుడు అదనంగా పెట్టిన ఏడెనిమిది వేలు తిరిగి రావడం మాట అలా ఉంచండి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి అదే ఎఫ్-250లో వెనక మోయగలిగేది కూడా తగ్గుతుంది. డ్రైవర్ తలుపు స్టిక్కర్ మీద పేలోడ్ అంకె రాసి ఉంటుంది, రెండు బండ్లవీ పక్కపక్కన చూసుకోండి.

పెట్రోల్‌లో నా మొదటి ఎంపిక 2011–2022 మధ్య ఫోర్డ్ 6.2. సిలిండర్‌కి రెండు చొప్పున 16 ప్లగ్గులు, అదొక్కటే కాస్త ఖర్చు. దాంతో సమానంగా 2019 దాకా వచ్చిన జీఎం 6.0. హెవీ డ్యూటీ బండ్లలో దానికి సిలిండర్లు ఆపే ఏర్పాటు లేదు, అందుకే దాని లిఫ్టర్లు (వాల్వుల్ని ఎత్తే భాగాలు) బాగుంటాయి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు విరగడం దాని పాత జబ్బు. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గే చప్పుడు అదే. 500, 800 డాలర్లలో తేలుతుంది. రామ్ 6.4 హెమీలో అలాంటి టిక్ చప్పుడే లిఫ్టర్ పోయి కామ్‌ని తింటున్న చప్పుడు కావచ్చు. వేడెక్కాక కూడా తగ్గకపోతే 4 నుంచి 7 వేల పని. 2005–2010 ఫోర్డ్ 5.4 త్రీ వాల్వు మాత్రం వద్దు. వాల్వుల టైమింగ్ మార్చే ఫేజర్లు పోతాయి, ముందు సంవత్సరాల బండ్లలో రెండు ముక్కల ప్లగ్గులు విప్పేటప్పుడు హెడ్‌లోనే విరిగి ఉండిపోతాయి.

మైళ్లు, గంటలు, తుప్పు

ఈ బండ్లలో చాలావాటికి డాష్‌బోర్డులో ఇంజన్ గంటలు కనిపిస్తాయి. మైళ్లని గంటలతో భాగించండి. 1,20,000 మైళ్లు, 3,000 గంటలైతే సగటు వేగం 40, హైవే బండి. అదే మైళ్లకి 6,000 గంటలుంటే సగటు 20. గంటల తరబడి ఒకేచోట ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీలో కూర్చున్న బండి. పశ్చిమ టెక్సస్‌లో మిడ్‌లాండ్, ఒడెస్సా చమురు బావుల దగ్గర పనిచేసి వచ్చినవాటిలో ఇవి ఎక్కువ. మసి, లిఫ్టర్లు, కామ్ అన్నీ ఆ గంటల లెక్కలోనే అరుగుతాయి.

ఒహాయో, మిషిగన్, పెన్సిల్వేనియా బండ్లయితే ముందు కింద పడుకుని ఫ్రేము, బ్రేకు పైపులు చూడండి. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. సుత్తితో తడితే ఖంగుమనాలి. పొరలుగా రాలితే ఇంజన్ ఎంత బాగున్నా లాభం లేదు. హ్యూస్టన్ బండ్లకి భయం వరద నీళ్లది. సీట్ల కిందున్న వైర్ల కనెక్టర్లలో ఎండిన బురద, పచ్చటి చిలుము కనబడితే వదిలేయండి.

బేరం కుదిరేముందు డీజిల్ షాపులో పరీక్ష చేయించడానికి 200 నుంచి 400 అవుతుంది. ముప్పై వేల బండికి ఈ నాలుగొందలు మిగుల్చుకోవాలని చూడటం ఏనుగుని కొని అంకుశానికి బేరమాడినట్టు. షాపుకి తీసుకెళ్లేటప్పుడు ఇంజన్ రాత్రంతా చల్లగా ఉన్నది కావాలని అమ్మేవాడికి ముందే చెప్పండి. వేడి చేసి ఉంచిన ఇంజన్ దగ్గర గ్లో ప్లగ్గులు, కారే ఇంజెక్టర్లు, లిఫ్టర్ చప్పుడు ఏవీ బయటపడవు. స్కానర్‌లో కోడ్లు చెరిపి ఎన్ని మైళ్లయిందో చూడమనండి. నిన్ననే చెరిపి ఉంటే ఏదో దాస్తున్నారు.

ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడతామంటే సంతకానికి ముందు మినహాయింపుల పేజీ చదవండి. కలుషిత ఇంధనం వల్ల వచ్చే నష్టం వర్తించదని ఉంటే సీపీ4 పోయిన రోజున ఆ కాగితం మీకు పనికిరాకపోవచ్చు. నా సలహా ఆ డబ్బుని విడిగా దాచుకోమని: లక్ష మైళ్లు దాటిన డీజిల్‌కి 7, 8 వేలు, పెట్రోల్‌కి మూడు వేలు. బండి ఇంటికొచ్చిన మొదటి వారంలో అందులోంచే తీసి ఫ్యూయల్ ఫిల్టర్లు, ఇంజన్ ఆయిలు, కూలెంట్, ముందూ వెనకా డిఫరెన్షియల్ ఆయిలు, ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు మార్పించండి. పాత ఫ్యూయల్ ఫిల్టర్‌ని పారేయనివ్వకుండా ఇంటికి తెచ్చుకుని, కోసి మడతలు విప్పి, ఎండలో అటూ ఇటూ తిప్పి వెండి రంగు తళుకుందేమో చూడండి.